కొబ్బరినూనె తాగిన కుట్టుమిషను: పాత సింగర్‌ని మళ్ళీ నడిపించడం ఎలా

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరిచెట్లు వరసలకి వరసలు పడిపోయాయి. సోంపేట దగ్గర పల్లెలో మా పెద్దమ్మ వాళ్ళ వసారా రేకులు ఎగిరిపోయి, మూలనున్న పాత సింగర్ కాలి మిషను మీద మట్టలూ వాననీళ్ళూ పడ్డాయి. తోట పోయినవాళ్ళకి మిషను ఎక్కడ గుర్తుంటుంది? నెల తర్వాత పాత ఇనప సామాను కొనేవాడు వచ్చి, తూకానికి ఇస్తారా అని అడిగితే అప్పుడు గుర్తొచ్చింది. ఇవ్వనని పెద్దమ్మ మొండికేసింది. దాన్ని ఆటోలో వేసుకుని శ్రీకాకుళం తెచ్చాను.

చేతిచక్రం ససేమిరా తిరగలేదు. తుప్పు పట్టేసిందనుకుని, పాత బజారులో మిషన్లు బాగుచేసే ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన చిటికెన వేలు నూనె రంధ్రంలో తిప్పి, వాసన చూసి నవ్వాడు. "తుప్పు గాదు బాబూ ఇది. మీ పెద్దమ్మ దీనికి ముప్పయ్యేళ్ళు తలంటు పోసింది. కుంకుడుకాయ మట్టుకు ఎయ్యనేదు."

నిజమే. ఉద్దానంలో ఇంట్లో ఎప్పుడూ ఉండేది కొబ్బరినూనె. జుట్టుకీ అదే, తలుపు బందుకీ అదే, మిషనుకీ అదే. తినే నూనెలు, తలకి రాసుకునే నూనెలు గాలి తగిలి ఏళ్ళు గడిచేకొద్దీ జిగురై, తర్వాత వార్నిషులా గట్టిపడతాయి. ఆముదం కూడా అంతే. తరువాత నేను ఇంకొన్ని మిషన్లు తెరిచాను: నరసన్నపేట నుంచి ఒకటి, చీపురుపల్లి నుంచి రెండు, విజయనగరంలో ఒక దర్జీ గారిది. అన్నిటిదీ దాదాపు ఇదే జబ్బు. అటక మీదున్న మీ ఇంటి మిషను కదలకపోతే అది చచ్చిపోయిందని అనుకోకండి. కొనడానికి కొత్త సామాను పెద్దగా ఉండదు, కావలసిందల్లా ఓపిక. వారం పది రోజులు సాయంత్రాలు ఖాళీ చేసుకోండి.

మీ దగ్గరున్నది ఏదో ముందు తెలుసుకోండి

మిషను పలక కుడిచివర, చక్రానికి దగ్గరగా, ఇత్తడి బిళ్ళ కింద ఒక నంబరు చెక్కి ఉంటుంది. మసి పట్టి కనపడకపోతే నూనె గుడ్డతో తుడవండి. నంబరుకి ముందు అక్షరమేమీ లేకపోతే అది 1900కి ముందుది. వై అక్షరంతో మొదలైతే స్కాట్లండ్‌లోని క్లైడ్‌బ్యాంక్ ఫ్యాక్టరీలో 1920ల మొదటి నుంచి 1935 దాకా తయారైనది. ఈఏ, ఈబీ లాంటి జంట అక్షరాలు ఆ తర్వాతివి. మోడల్ అంకె పక్కన కె అని ఉంటే అది క్లైడ్‌బ్యాంక్‌లోని కిల్బోవీ అనే చోటుకి గుర్తు. 15కె అంటే అక్కడ చేసిన పదిహేనో తరగతి మిషను. ఆ ఫ్యాక్టరీ 1980లో మూతపడింది, కానీ పక్కనున్న రైల్వేస్టేషను పేరు ఇప్పటికీ సింగరే.

మా పెద్దమ్మది 15కె. మన ఊళ్ళలో ఎక్కువగా దొరికేదీ ఆ తరగతే, లేదా దాన్ని చూసి ఇక్కడ చేసినది. 1930ల మధ్యలో కలకత్తాలో మొదలైన ఉషా, ఆ తర్వాత లూథియానాలో తయారైన లెక్కలేనన్ని బ్రాండ్లు ఈ పదిహేనో తరగతి నమూనానే పట్టుకున్నాయి. మీకు ఇందులో పెద్ద లాభం ఉంది. తొంభై ఏళ్ళ స్కాట్లండ్ మిషనుకి కావలసిన బాబిన్ (కిందదారం చుట్టే చిన్న కండె), అది కూర్చునే బాబిన్ కేసు, సూది, స్ప్రింగు ఇవాళ్టికీ శ్రీకాకుళం జీటీ రోడ్డులో దొరుకుతాయి.

రెండో రకం, చిన్న పడవలాంటి షటిల్ (కిందదారాన్ని పైదారంతో ముడివేసే భాగం) ఉన్నది. కిందనున్న జారుడు రేకు లాగి చూస్తే సన్నటి, పొడవాటి బాబిన్ పడవలో పడుకుని కనిపిస్తుంది. ఈ రకం చూడముచ్చటగా ఉంటుంది, కొన్నిటి మీద ఈజిప్టు స్ఫింక్స్ బొమ్మలు కూడా ఉంటాయి. కానీ ఆ షటిల్ పోతే సరిపడేది వెతకడం కష్టం. కొనేముందు షటిల్, కనీసం ఒక బాబిన్ లోపల ఉన్నాయో లేదో చూసుకోండి. అవి లేకుండా తక్కువకిస్తామంటే నేనైతే వద్దంటాను.

ఇంకా చూడాల్సినవి రెండే. పోత ఇనుము ఒంట్లో పగులు ఉందేమో, ముఖ్యంగా మెడ వంపు దగ్గర. ఉంటే వదిలెయ్యండి. సూది కడ్డీ వంగి ఉంటే కూడా ఆలోచించుకోండి. తుప్పు, మురికి, రంగు వెలవడం, బెల్టు లేకపోవడం లాంటివి పట్టించుకోనక్కర్లేదు.

ఒక హెచ్చరిక. పాత సింగర్‌లో 'ఎర్ర పాదరసం' ఉంటుందని, లక్షలిస్తామని ఎవరైనా ఫోను చేస్తే పెట్టెయ్యండి. 2009లో సౌదీ అరేబియాలో ఇదే పుకారు పుట్టి, జనం వేల రియాళ్ళు పోసి పాత మిషన్లు కొన్నారు. పుకారు అబద్ధమని పోలీసులు చెప్పాల్సి వచ్చింది. మిషనులో ఉండేవి ఇనుము, ఉక్కు, కాస్త నికెల్ పూత. అంతే.

విప్పే ముందు

ఫోనుతో ఫొటోలు తియ్యండి. ప్రతి స్క్రూ తీసే ముందు ఒకటి, తీశాక ఒకటి. తీసిన సామాను ఇడ్లీ రేకు గుంటల్లో వరసగా పెట్టుకోవడం నా పద్ధతి. ఎడమ పైనుంచి మొదలుపెడితే, బిగించేటప్పుడు వెనకనుంచి వస్తే చాలు. ఇంట్లోవాళ్ళ తిట్లు తప్పవనుకోండి, పాత రేకు ఒకటి అడిగి పుచ్చుకోండి.

స్క్రూడ్రైవర్ సంగతి మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. సింగర్ స్క్రూల మర సైజులు బజారులో దొరికే మామూలు స్క్రూలవి కావు. ఒకటి పోయినా, తల విరిగినా ఇంకో పాత మిషనులోంచి తీసుకోవాల్సిందే. స్క్రూ తల మీది గాడి పొడవునా, లోతునా నిండేలా స్క్రూడ్రైవర్ కొన ఉండాలి. అలాంటిది దొరకకపోతే వెడల్పు కొన ఉన్నది కొని, ఆకురాయితో దాని పక్కలు గాడికి సరిపడా అరగదీసుకోండి. నేను మొదటి రోజే వదులు స్క్రూడ్రైవర్‌తో బలం చూపించి, మొహం పలక (సూది కడ్డీని కప్పే ఎడమ చివరి మూత) స్క్రూ గాడి చితగ్గొట్టాను. ఆ గాటు ఇప్పటికీ అలాగే ఉంది, పెద్దమ్మ కంటపడలేదు.

మిషను తల స్టాండు మీదనుంచి తియ్యాలంటే వెనక్కి వాల్చి, కీళ్ళని పట్టి ఉంచిన రెండు స్క్రూలు వదులు చేస్తే చాలు, తల పైకి వచ్చేస్తుంది. పది కిలోల పైనే ఉంటుంది. ఇద్దరు పట్టండి. పాత దుప్పటి పరిచిన బల్ల మీద పెట్టుకోండి.

బిగుసుకున్న చక్రం

అసలు పని ఇక్కడే. చక్రాన్ని రెండు చేతులతో పట్టుకుని తిప్పెయ్యాలనిపిస్తుంది. తిప్పకండి. ముందు కొంచెం కదిపి, అది ఎలా ఆగుతోందో చూడండి. ఒక చోట దాకా సులువుగా వచ్చి టక్కున ఆగితే ఏదో అడ్డం పడిందన్నమాట: షటిల్ గూట్లో చుట్టుకున్న దారం, విరిగిన సూది ముక్క, వంగిన సూది. ఎక్కడా కదలకుండా, లేదా అంతటా బరువుగా కదిలితే జిగురు. ఈ రెండిటి మందులు వేరు.

దారం అడ్డం పడితే సూది తీసేసి, జారుడు రేకు తెరిచి, బాబిన్ కేసు బయటికి లాగి, షటిల్ చుట్టూ చూడండి. మెలికపడ్డ దారం గూడు అంచుకి నల్లటి తాడులా నొక్కుకుపోయి ఉంటుంది. పట్టకారుతో కొంచెం కొంచెంగా లాగండి, బ్లేడు పెట్టి కోయకండి. దర్జీ గారి మిషను రెండేళ్ళు మూలన పడి ఉన్నది ఇలా నాలుగంగుళాల ఎర్ర దారం వల్లే.

జిగురైతే కుంకుడుకాయ వంతు వస్తుంది. కిరసనాయిలే ఆ కుంకుడుకాయ. రేషను కిరసనాయిలు కాలం పోయింది గనక దొరకని చోట డీజిలు వాడండి, లేదా స్ప్రే డబ్బాలో వచ్చే డబ్ల్యూడీ-40. అయితే ఇవేవీ నూనె పని చెయ్యవు. జిగురు కరిగించి వెళ్ళిపోతాయి, అంతే. పొయ్యికి దూరంగా, వాకిట్లో పెట్టుకుని చెయ్యండి. మిషను పైన ఉండే రంధ్రాలన్నిటిలో, మొహం పలక తీశాక కనిపించే సూది కడ్డీ, గుడ్డని నొక్కిపట్టే పాదం కడ్డీ పైన, మిషను పడుకోబెట్టి కింద కనిపించే ప్రతి కీలు మీద, ఇనుము ఇనుమును రాసుకునే ప్రతి చోటా చుక్క చుక్కగా వెయ్యండి. ఇంజక్షను సిరంజి ఇందుకు బాగుంటుంది. పైన పూసిన నల్లరంగు మీద, బంగారు గీతల మీద మాత్రం పడనివ్వకండి. పడితే వెంటనే తుడవండి.

రాత్రంతా వదిలెయ్యండి. పొద్దున్న మళ్ళీ వెయ్యండి. చక్రాన్ని ముందుకీ వెనక్కీ అరంగుళం ఊపండి, ఉయ్యాల ఊపినట్టు. రెండో రోజు ఒకంగుళం. మూడో రోజుకి నా మిషను ఎంతకీ పావు చుట్టు దాటలేదు. అప్పుడు పెద్దాయనకి ఫోను చేస్తే, "ఎచ్చబెట్టు బాబూ, నెయ్యి కరిగినట్టు కరుగుద్ది" అన్నాడు. జుట్టు ఆరబెట్టే డ్రయ్యరు తెచ్చి మెడ భాగానికీ, చక్రం వెనకున్న ఇరుసు చోటుకీ ఐదేసి నిమిషాలు వేడిగాలి కొట్టాను. ఇనుము చేతికి వెచ్చగా తగలాలి, కాలకూడదు. గ్యాసు మంట, బ్లోలాంపు దరిదాపుల్లోకి రానివ్వకండి, నల్లపూత పొంగిపోతుంది. వెచ్చబెట్టిన వెంటనే మళ్ళీ చుక్కలు, మళ్ళీ ఊపు. ఆ రోజు సాయంత్రం టీ పెట్టుకుని వచ్చేసరికి చక్రం ఒక్క చుట్టు పూర్తిగా తిరిగింది. రంధ్రాల్లోంచి బెల్లం పాకంలాంటి గోధుమరంగు ద్రవం కారింది. వాసన చూశాను. ముప్పయ్యేళ్ళ కొబ్బరినూనె వాసన ఎలా ఉంటుందో చెప్పను.

తిరగడం మొదలుపెట్టాక ఆపకండి. కిరసనాయిలు వేస్తూ, తిప్పుతూ, కారినది తుడుస్తూ, కారేది తెల్లగా వచ్చేదాకా చెయ్యండి. ఆ వెంటనే అసలు మిషను నూనె వెయ్యండి. కిరసనాయిలు ఆరిపోయిన ఇనుము మన సముద్రపు గాలికి రెండు రోజుల్లో తుప్పు పడుతుంది. కళింగపట్నంలో ఒకాయన ఇలాగే మిషను విడిపించి, నూనె వెయ్యడం మరచి పండక్కి ఊరెళ్ళొచ్చేసరికి మళ్ళీ మొదటికొచ్చింది.

చక్రం మధ్యలో చిన్న బిరడాలాంటి మర ఉంటుంది. బాబిన్‌కి దారం చుట్టేటప్పుడు అది వదులు చేస్తే చక్రం ఒక్కటే తిరిగి, సూది ఆగాలి. ఆగకపోతే అక్కడ కూడా జిగురే. మర మీది చిన్న స్క్రూ తీసి, మరని విప్పితే మూడు చెవుల వాషరు వస్తుంది. లోపలివైపు ఉండే రెండు బుల్లి నాలుకలు బయటికి, అంటే మీ వైపుకి, చూస్తుండాలి. శుభ్రం చేసి బిగించాక సరిగ్గా పట్టకపోతే వాషరుని సగం చుట్టు తిప్పి మళ్ళీ పెట్టండి. ఈ చిన్న సంగతి తెలియక నేను ఒక పూట పోగొట్టుకున్నాను.

బంగారు బొమ్మల జోలికి నెమ్మదిగా

నల్లపూత పైన బంగారు రంగు పూలు, అక్షరాలు అతికించి, వాటి మీద లక్క వార్నిషు పూసి ఉంటుంది. స్పిరిటు లక్కని కరిగిస్తుంది. నీళ్ళు నిలవ ఉంటే దాన్ని తెల్లబరుస్తాయి. అద్దాలు తుడిచే మందుల్లో ఉండే అమ్మోనియా కూడా హాని చేస్తుంది. మొదటి రోజుల్లో నేను స్పిరిటులో ముంచిన దూదితో ఒక్కసారి గట్టిగా రాశాను. ఇత్తడిలా మెరిసే అక్షరం ఒకటి దూదికి అంటుకొచ్చింది. సింగర్ అన్న పేరు తెలుగులో రాస్తే నాలుగు అక్షరాలు కూడా ఉండవు, ఇంగ్లీషులో ఆరు. మా మిషను మీద ఇప్పుడు ఐదున్నర.

కాబట్టి మిషను నూనె, మెత్తని పాత పంచె గుడ్డ చాలు. నూనె రాసి గంట వదిలి, రుద్దకుండా తుడవండి. ఇలా మూడు నాలుగుసార్లు. ఏ కొత్త మందైనా మొదట పలక అడుగున కనపడని చోట పెట్టి చూడండి. బంగారం ఇప్పటికే వెలిసి వెండిలా కనబడితే దానికి చెయ్యగలిగింది లేదు. కొత్త స్టిక్కర్లు అతికించి, కారు పెయింటు కొట్టి మెరిపించే పని కొందరు చేస్తున్నారు. నాకు నచ్చదు. కుట్టిన చేతుల అరుగుడు అది, చేతివేళ్ళు ఆనే చోటే వెలుస్తుంది.

పళ్ళ కింద, తుప్పు మీద

సూది పలక రెండు స్క్రూలు తీస్తే కింద గుడ్డని లాగే పళ్ళు కనబడతాయి. పళ్ళ సందుల్లో నూలు పీచు నూనెతో కలిసి నొక్కుకుని, బూరెలా గట్టిపడి ఉంటుంది. వెదురు పుల్ల చెక్కుకుని తవ్వండి, పిన్నీసు వాడితే గీతలు పడతాయి. ఈ పీచు ఉంటే పళ్ళు పైకి సరిగ్గా లేవవు, కుట్టు చిన్నదవుతుంది. అది తెలియక కుట్టు పొడవు మర తిప్పుతూ కూర్చుంటాం. షటిల్ తీసి, అది తిరిగే గూడుని గుడ్డతో అద్దంలా తుడవండి. షటిల్ కొన మీద గాటు ఉంటే అక్కడే దారం తెగుతుంది, బాగా సన్నటి నీటి ఎమరీ కాగితంతో మెత్తబరచండి. కొన మొద్దుబారేలా మాత్రం రుద్దకండి.

మెరిసే నికెల్ సామాను మీద తుప్పు చుక్కలకి చింతపండు రుద్దాలనిపిస్తుంది. బుడితి ఇత్తడి చెంబుకి బాగానే ఉంటుందిగానీ ఇక్కడ వద్దు, పులుపు పూత కిందికి దూరి లోపలి ఇనుముని తింటుంది. నూనెలో నానబెట్టి, అల్యూమినియం కాగితం ఉండచుట్టి రుద్దండి. మొండి తుప్పుకి అతి సన్నని ఉక్కు పీచు, అదీ నూనెతోనే.

నూనె

కుట్టుమిషను నూనె అని అమ్మేది నీళ్ళలా పల్చగా, తెల్లగా ఉంటుంది. అదొక్కటే వాడండి. ఒక్కో రంధ్రంలో రెండు చుక్కలు. సూది కడ్డీకి, పాదం కడ్డీకి ఒక్కో చుక్క, షటిల్ గూటి అంచున ఒకటి, చక్రం ఇరుసుకి ఒకటి, కింద ప్రతి కీలుకీ ఒకటి. దారం బిగువు సరిచేసే టెన్షన్ బిళ్ళల మధ్య, బెల్టు మీద, బాబిన్ చుట్టే రబ్బరు చక్రం మీద వెయ్యకూడదు. వేశాక పాత గుడ్డ పెట్టి, దారం లేకుండా ఐదు నిమిషాలు తిప్పండి. పైకొచ్చిన నల్లనూనె గుడ్డ పీల్చుకుంటుంది. గుడ్డ మీద మచ్చ పడడం ఆగేదాకా కొత్త బట్ట పెట్టకండి.

టెన్షన్, సూది

పైదారం టెన్షన్ కీలకం గనక దాన్ని పూర్తిగా విప్పాల్సిందే. వరసగా అంకెల మర, గుడి గోపురంలాంటి స్ప్రింగు, నొక్కుడు బిళ్ళ, రెండు గుండ్రటి బిళ్ళలు, వాటి వెనక సన్నటి తీగ స్ప్రింగు ఉంటాయి. బిళ్ళల మధ్య చిక్కుకున్న దారం పోగులు, నూనె మట్టి తుడవండి. తిరిగి పెట్టేటప్పుడు రెండు బిళ్ళల ఉబ్బెత్తు వైపులు ఒకదానికొకటి ఎదురుగా ఉండాలి. పాదం ఎత్తితే బిళ్ళలు విడిపోయి దారం వదులుగా రావాలి, దించితే పట్టుకోవాలి.

కిందదారానికి ఒక పాత పరీక్ష ఉంది. బాబిన్ ఎక్కించిన కేసుని దారం పట్టుకుని వేలాడదీయండి. ఊరికే ఉంటే జారకూడదు, మణికట్టు చిన్నగా విదిలిస్తే ఒకటి రెండంగుళాలు జారాలి. జారిపోతూ ఉంటే పక్కనున్న బుల్లి స్క్రూ కొంచెం బిగించండి. కొంచెం అంటే గడియారంలో నిమిషాల ముల్లు ఐదు నిమిషాలు జరిగినంత.

సూది కొత్తది వెయ్యండి. పాత సూదితో పరీక్షించి మిషనుని తిట్టేవాళ్ళని చాలామందిని చూశాను. పదిహేనో తరగతికి బజారులో ఇంటి మిషను సూది అని అడిగితే ఇచ్చేదే సరిపోతుంది. మామూలు గుడ్డకి పద్నాలుగు నంబరు, లుంగీ, దుప్పటికి పదహారు, పల్చటి నూలుకి పదకొండు. పైకి తగిలేదాకా తోసి బిగించాలి. పొడవాటి గాడి ఉన్న వైపునుంచి దారం ఎక్కించాలి, చదును వైపు షటిల్ కొన రాసుకుంటూ పోయే వైపుకి ఉండాలి. ఇది తారుమారైతే ఒక్క కుట్టూ పడదు.

కుట్టు పడకపోతే వెంటనే టైమింగు (సూది, షటిల్ కలిసే అదను) పోయిందని ఎవరైనా అంటారు. చాలాసార్లు సూది తిరగబడి ఉంటుంది, లేదా పైకి పూర్తిగా ఎక్కి ఉండదు. ఇవి సరిచూశాక కూడా పడకపోతే, సూది పలక తీసి చక్రం చేత్తో తిప్పుతూ చూడండి. సూది అట్టడుగుకి వెళ్ళి రెండు, రెండున్నర మిల్లీమీటర్లు పైకి లేచేసరికి షటిల్ కొన సూది కంటికి కాస్త పైన దాటాలి. దాటకపోతే సూది కడ్డీ జారి ఉండొచ్చు. అక్కడ మాత్రం తెలిసినవాళ్ళ చేత చేయించుకోండి. నేనూ పెద్దాయన పక్కనుండగానే చేశాను.

స్టాండు, బెల్టు

పోత ఇనుప స్టాండుకి తీగబ్రష్షు కొట్టే ముందు ముక్కుకి గుడ్డ కట్టుకోండి, పాత రంగులో సీసం ఉండొచ్చు. పొడిగా రుద్దకుండా నూనె తడిపి రుద్దితే దుమ్ము లేవదు. తుడిచాక అవిసె నూనె అతి పల్చగా పూసి ఆరనివ్వండి, నల్లగా నిగనిగలాడుతుంది. గట్టిపడే గుణం ఇక్కడ మేలు, కానీ ఇరుసులకి తగలనివ్వకండి. తొక్కుడు పలక రెండు చివర్లు, పెద్ద చక్రం ఇరుసు, రెంటినీ కలిపే కడ్డీ కీళ్ళకి మిషను నూనె. పెద్దమ్మ మిషను చెక్కబల్ల తడిసి పొరలు లేచిపోతే, ఫెవికాల్ పెట్టి, పైన సన్నికల్లు పెట్టి రెండు రోజులు వదిలాను.

తోలు బెల్టు కొత్తది బోలెడు పొడవుంటుంది. రెండు చక్రాల చుట్టూ చుట్టి, బిగుతుగా కోసి, చివర్లలో రంధ్రం పెట్టి, ఇనప కొక్కెం దూర్చి శ్రావణంతో నొక్కండి. వారంలో సాగుతుంది, అప్పుడు మళ్ళీ పావంగుళం కొయ్యాలి. మొదటే బాగా బిగించేస్తే తొక్కడం బరువవుతుంది.

చక్రం పైభాగం ఎప్పుడూ మీ వైపుకే తిరగాలి. కాలి మిషను కొత్తవాళ్ళ పాదం తడబడితే వెనక్కి తిరిగి దారం చుట్టుకుపోతుంది. దారం లేకుండా, పాదం ఎత్తిపెట్టి ఒక రోజు తొక్కడం సాధన చెయ్యండి. మా మేనకోడలికి అరగంటలో పట్టుబడింది, నాకు మూడు రోజులు.

మొదటి కుట్టు

పరీక్షకి పాలియస్టరు ముక్క తీసుకుంటారు జనం. అది జారుతుంది, లోపం ఎక్కడో తెలియదు. నేను పొందూరు ఖద్దరు ముక్క రెండు పొరలు పెడతాను. కొండపత్తి దూదిని వాలుగ చేప దవడతో ఏకి, ఒంటికదురు రాట్నం మీద వడికిన నూలు అది. పోగు పోగూ కనపడుతుంది. టెన్షన్ ఎక్కువైతే వెంటనే ముడుచుకుంటుంది, తక్కువైతే కింద ఉచ్చులు పడతాయి. పైదారం కిందికి కనపడితే పై టెన్షన్ బిగించండి, కిందదారం పైకి కనపడితే వదలండి. ముడి రెండు పొరల మధ్య దాక్కోవాలి.

ఖద్దరుకీ సింగర్‌కీ పాత చుట్టరికం ఉంది. యంత్రాలన్నిటినీ వ్యతిరేకిస్తారా అని 1924లో అడిగినప్పుడు గాంధీ ఈ కుట్టుమిషనుని మినహాయించారు. భార్య చేత్తో కుడుతూ పడే కష్టం చూసి, ప్రేమతో సింగర్ దీన్ని కనిపెట్టాడని ఆయన నమ్మకం. ఐజాక్ సింగర్ బతుకు వేరే కథ, పలువురు స్త్రీలతో ఇరవై మందికి పైగా పిల్లల్ని కన్నవాడు. 1851లో పేటెంటు పొందినదీ మొట్టమొదటి మిషనుకి కాదు, మెరుగైన మిషనుకి. అతని భాగస్వామి ఎడ్వర్డ్ క్లార్క్ 1856లో వాయిదాల పద్ధతి పెట్టకపోతే అది ఇంటింటికీ చేరేదీ కాదు.

సొరుగులో దొరికేవి

సొరుగులు ఖాళీ చేసే ముందు నిదానించండి. అంచు మడిచే పాదాలు, పాత నూనె డబ్బా, చేతి పుస్తకం, వాయిదా రసీదులు, పెద్ద ఇంగ్లీషు ఎస్ అక్షరంలో కూర్చుని కుడుతున్న అమ్మాయి బొమ్మ ఉన్న కాగితాలు దొరకవచ్చు. సింగర్ వాళ్ళు 1890ల్లోనే దేశదేశాల జనం తమ తమ బట్టల్లో మిషను ముందు కూర్చున్న రంగుల కార్డులు పంచారు. కాగితాలని లామినేషను చేయించకండి. రెండు తెల్ల కాగితాల మధ్య పెట్టి, పొడిగా, చదునుగా దాచండి.

దుకాణాల ముందు వేలాడే ఎనామెల్ రేకులు దొరికితే వాటినీ సబ్బునీళ్ళ గుడ్డతో తుడిచి వెంటనే ఆరబెట్టండి, గీకకండి. పెచ్చు లేచిన చోట తుప్పుకి కాస్త నూనె. అసలుదో కాదో తెలియాలంటే మేకు రంధ్రాల చుట్టూ చూడండి. గాజుపూత పొరలుగా పెచ్చులూడి, కింద ఉక్కు కనబడుతుంది. గోటితో పక్కనుంచి తడిమితే రంగుల అంచులు మెట్లలా తగులుతాయి. ఇప్పుడు అచ్చు వేసిన నకలుకి ఆ మెట్టు ఉండదు.

తీరంలో దాచుకోవడం

మిషను మీద ప్లాస్టిక్ కవరు కప్పితే లోపల చెమ్మ పడుతుంది. నూలు గుడ్డ కప్పండి. సూది దించి, పాదం కింద గుడ్డ ముక్క పెట్టి ఉంచండి. కిటికీకి, స్నానాలగది గోడకి దూరం. వర్షాకాలంలో కుట్టు పని లేకపోయినా పదిహేను రోజులకోసారి చక్రం పది చుట్లు తిప్పి, రెండు చుక్కల నూనె వెయ్యండి.

మిషనుని మళ్ళీ సోంపేట తీసుకెళ్ళి దించాను. పెద్దమ్మ కళ్ళజోడు పెట్టుకుని, చక్రం మీద అరచెయ్యి ఆనించి, మెల్లగా తొక్కింది. చీర కొంగు చివర మడిచి నాలుగంగుళాలు కుట్టి, తిప్పి చూసి, "ఏటిరా, ఇంత తేలిగ్గా ఎప్పుడూ నేదు" అంది. నా ఛాతీ రెండంగుళాలు పెరిగింది. ఆమె లేచి వంటింట్లోకి వెళ్ళింది. కాఫీ తెస్తుందనుకున్నాను. చేతిలో కొబ్బరినూనె సీసాతో వచ్చింది.

ఇప్పుడు స్టాండుకి మిషను నూనె డబ్బా తాడుతో కట్టి ఉంది. అయినా ఊరెళ్ళినప్పుడల్లా నూనె రంధ్రంలో వేలు పెట్టి వాసన చూస్తూనే ఉన్నాను.